పదిహేడో నంబరు పుస్తకం

యూపీఎస్సీ ఇంటర్వ్యూ ఫారంలో ‘హాబీలు’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆరేళ్లుగా ఢిల్లీ రాజేందర్ నగర్‌లో కిటికీ లేని గదిలో కూర్చుని, పొద్దున రాజ్యాంగం, మధ్యాహ్నం భూగోళం బట్టీ పట్టే మనిషికి హాబీలేమిటండీ? అందుకే అందరూ అబద్ధాలు రాస్తారు. మొదటి ఇంటర్వ్యూకి నేను తోటపని అని రాశాను. గులాబీకి అంటు ఎలా కడతారమ్మా అని బోర్డులో ఒకాయన అడిగితే నోరు తెరుచుకుని కూర్చున్నాను. రెండోసారి యోగా అని రాశాను. ఆ ముచ్చట చెప్పను.

ఇది ఆఖరి అవకాశం. ముప్ఫై ఒకటి నిండాయి, ఆరో అటెంప్ట్. ఇక పోయేదేముందన్న తెగింపుతో ఆ గడిలో నిజం రాసేశాను: పిల్లల డిటెక్టివ్ నవలలు చదవడం. నిజమే గానీ, అది ఇరవయ్యేళ్ల నాటి నిజం.

మా నాన్న రామమోహనరావుకి తణుకులో బస్టాండు వెనక అద్దె పుస్తకాల షాపు ఉండేది. పేరు శ్రీవల్లి బుక్ సెంటర్. శ్రీవల్లి నేనే. బడి నుంచి రాగానే సంచీ బల్ల కింద పారేసి, షాపు వెనక గదిలో నవలల కట్టల మీద ఎక్కి కూర్చునేదాన్ని. పాత కాగితం వాసన, నాన్న ఉడికించే మైదా జిగురు వాసన కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా జిరాక్స్ షాపులో పాత పుస్తకాల బొత్తి కనబడితే దగ్గరికెళ్లి వాసన చూస్తాను. చూసేవాళ్లు ఏమనుకుంటారో నాకు అనవసరం.

ఆ షాపులో అన్నిటికన్నా ఎక్కువ నలిగినవి ‘లాంతరు దళం’ పుస్తకాలు, మొత్తం ఇరవై నాలుగు. రైల్వే కాలనీలో ఉండే బుచ్చి, కమల, రంగడు అనే ముగ్గురు పిల్లలు, ఒక కుక్క, ఒక కిరసనాయిలు లాంతరు. ఏ కథలోనైనా సరే, దొంగ వచ్చే వేళకి కచ్చితంగా కరెంటు పోతుంది. కమలదొక సూత్రం: అబద్ధం ఎక్కడుందో దొంగ అక్కడే ఉన్నాడు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతారు, కమల పట్టుకుంటుంది, ఇన్‌స్పెక్టరు గారు శభాష్ అంటారు, అందరూ కలిసి సున్నుండలు తింటారు. తొమ్మిదేళ్ల వయసులో నాకు లోకం మొత్తం ఇంతే అనిపించేది.

ఢిల్లీలో తెలుగు అభ్యర్థులకి పద్మనాభం గారంటే పెద్ద దిక్కు. ఆదాయపన్ను శాఖలో పెద్ద హోదాలో రిటైరై ఫరీదాబాద్‌లో స్థిరపడ్డారు. ఇంట్లోనే ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసి, తిట్టాల్సినవన్నీ తిట్టి, ఆఖర్న పెసరట్టు పెట్టి పంపుతారు. నా ఫారం చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

“పిల్లల డిటెక్టివ్ నవలలా? అచ్ఛా. ఎందుకమ్మా అవి?”

దీనికి నా దగ్గర ఒక కథ ఉంది. హాస్టళ్లలో, టీ కొట్ల దగ్గర వందసార్లు చెప్పి అరగదీసిన కథ. గుక్క తిప్పుకోకుండా వస్తుంది.

“మా నాన్నగారి షాపులో లాంతరు దళం పుస్తకాల మొదటి పేజీలో ఎవరో ఎర్ర పెన్నుతో ఆ కథలో దొంగ పేరు రాసేస్తుండేవారు సార్. గిరాకీలతో గొడవ. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. సదాశివరావు గారని పోస్టాఫీసు గుమస్తా ఒకాయన మేనల్లుడి కోసమని రోజూ ఆ పుస్తకాలే పట్టుకెళ్లేవారు. నాకు అనుమానం వచ్చింది. వాళ్ల వీధికెళ్లి వాకబు చేశాను. ఆయనకి పెళ్లి కాలేదు, తోబుట్టువులు లేరు. ఇంక మేనల్లుడెక్కడ సార్? షాపు నిండా జనం ఉండగా అడిగేశాను. ఆయన మళ్లీ రాలేదు. పుస్తకాల్లో రాతలూ ఆగిపోయాయి.”

పద్మనాభం గారు బల్ల చరిచారు. “బ్రహ్మాండం! పరిశీలన, ధైర్యం, న్యాయం, అన్నీ ఉన్నాయి ఇందులో. బోర్డులో ఇది చెప్పకుండా బయటికి రాకు. అవునూ, ఆ కుక్క పేరేంటి?”

నాకు గుర్తు రాలేదు.

“మొత్తం ఎన్ని పుస్తకాలు? పన్నెండోదాంట్లో కథేంటి?” ఆయన ఊరుకునే మనిషి కాదు. “ఇదీ నీ మొదటి ఇంటర్వ్యూ తోటపనే అన్నమాట. మూడు వారాలుంది. తెప్పించుకుని మళ్లీ చదువు.”

పెసరట్టు సగంలోనే పక్కన పెట్టేశాను. కుక్క పేరు గుర్తు లేకపోవడం వల్ల కాదు. నా కథ అంత గొప్పగా పేలినప్పుడల్లా నాకు అలాగే అవుతుంది. ఎందుకంటే అందులో ఒక్క లోపం ఉంది. ఆ పేర్లు రాసింది నేనే.

ఎందుకు రాశానంటే, ఉక్రోషం. కొత్త పుస్తకం వస్తే నాన్న ముందు గిరాకీకి ఇచ్చేవాడు. ‘షాపు మనదేగా తల్లీ, నువ్వు తర్వాత చదువుకోవచ్చు’ అనేవాడు. నా పేరు పెట్టిన షాపులో నాకే ఆఖరి వంతు. నేను చదవడం పూర్తయ్యాక, ఇక మీదట ఎవరూ నాలాగా చదవకూడదని ఎర్ర పెన్ను తీసేదాన్ని. నాన్నకి కోపం వచ్చి, దొంగని పట్టుకుని తీరతానని షాపులో అందరి ముందూ అన్న రోజున నాకు భయం వేసింది. అప్పుడు కమల సూత్రం గుర్తొచ్చింది. అబద్ధం చెప్పేవాళ్లెవరా అని వెతికాను. సదాశివరావు గారు దొరికారు. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే అదే. ఆయన చేతిలో అప్పుడు, ఇంటికి పట్టుకెళ్లబోతున్న పదిహేడో నంబరు ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. వెనక ఎవరో నవ్వారు. తర్వాత చాలాకాలం ఊళ్లో కుర్రాళ్లు ఆయన్ని ‘మేనమామ’ అని పిలిచేవాళ్లు.

నాన్నకి ఫోన్ చేసి పుస్తకాలు పంపమన్నాను. షాపు ఎప్పుడో జిరాక్స్ సెంటరైపోయింది గానీ, లాంతరు దళం కట్ట అటక మీదే ఉందట. గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదివే మా పిన్ని కొడుకు నవదీప్ సెలవులయ్యాక ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ తెచ్చాడు. న్యూఢిల్లీ స్టేషన్లో పొగమంచులో దిగి, గోంగూర పచ్చడి సీసా ఒక చేతికి, పుస్తకాల కట్ట ఒక చేతికి ఇచ్చాడు.

“అక్కా, రైల్లో రెండు చదివాను. ఐఏఎస్‌కి ఇదా సిలబస్సు?”

“నోరు మూసుకుని బస్సెక్కు.”

ఇరవై నాలుగింటిలో మిగిలినవి పదకొండు. ప్రతిదానికీ నాన్న కుట్టిన దారం, గోధుమరంగు అట్ట. మొదటి పేజీలో, నేను పాడుచేసిన చోటల్లా, తెల్లకాగితం అతుకు. జిగురు ఎండి పసుప్పచ్చగా మారింది. ఒక్కొక్క అతుకూ నలుపక్కలా గోటితో నొక్కి, ఎక్కడా ముడత లేకుండా వేశాడు నాన్న. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లోపల ఎర్రగా ఏదో ఉన్నట్టు కనిపిస్తోంది. తేలు కుట్టిన దొంగలా గబుక్కున మూసేశాను.

చదవడానికి భయపడ్డాను కూడా. చిన్నప్పటి ఇల్లు ఇప్పుడెళ్లి చూస్తే ఇరుగ్గా ఉంటుంది కదా, అలా అవుతుందేమోనని. మొదటి పది పేజీల్లో అలాగే అనిపించింది. రైల్వే కాలనీలో ప్రతివాడికీ ఇంత తీరిక ఎక్కడిది? ఇన్‌స్పెక్టరుకి వేరే కేసుల్లేవా? పదకొండో పేజీలో వాన మొదలైంది. కరెంటు పోయింది. రంగడు అగ్గిపుల్ల గీశాడు, తడిసిపోయి వెలగలేదు, రెండోది గీశాడు. నేను మంచం మీద కాళ్లు పైకి లాక్కున్నాను. ఆరేళ్లుగా ఏ పుస్తకం పట్టుకున్నా పెన్నుతో గీతలు గీయడమే నా పని. ఆ రోజు పెన్ను ఎక్కడుందో కూడా నాకు తెలియదు. కుక్క పేరు సోడా. సోడా అని కనబడగానే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను.

వారంలో పది అయిపోయాయి. పదిహేడో నంబరు మాత్రం కట్ట అడుగున ఉంచాను. పద్మనాభం గారి దగ్గరికి రెండోసారి వెళ్లే రోజున ఇక తప్పదని సంచీలో పెట్టుకున్నాను.

మండీ హౌస్‌లో రైలు మారి, ఫరీదాబాద్ మెట్రోలో ఆడవాళ్ల పెట్టెలో సీటు దొరికింది. పుస్తకం తీసి, అట్ట కనబడకుండా కరెంట్ అఫైర్స్ పత్రికలో పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. పేరు ‘గేటు గుడిసెలో గంట’. లెవెల్ క్రాసింగ్ దగ్గర రైలు రాకుండానే గంట మోగుతుంటుంది. నాకు కథ మొత్తం మర్చిపోయే అదృష్టం పట్టింది. కమల గుడిసె తలుపు తోసే చోట, పత్రిక జారిపోయిందని కూడా చూసుకోలేదు.

పక్కన స్వెట్టర్ అల్లుకుంటున్న పెద్దావిడ వంగి, అట్ట మీద లాంతరు పట్టుకున్న పిల్లల బొమ్మ చూసింది.

“క్యా పఢ్ రహీ హో బేటా? బచ్చోఁ కీ కితాబ్ హై?”

“భతీజీ కే లియే హై, ఆంటీ.”

“అచ్ఛా! కిత్నే సాల్ కీ హై?”

“నౌ సాల్ కీ.”

తొమ్మిదేళ్ల మేనకోడలి కోసమని అన్నాక గానీ నా మాట నాకే వినబడలేదు. నాకు తోబుట్టువులే లేరు. మేనకోడలు ఎక్కడి నుంచి వస్తుంది? ఆవిడ నన్నేమీ నిలదీయలేదు, తప్పని కూడా అనలేదు, ముద్దుగానే అడిగింది. అయినా నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చేసింది. ముప్ఫై ఒక్కేళ్లదాన్ని, రేపో మాపో జిల్లాలు ఏలుదామని కూర్చున్నదాన్ని, పిల్లల పుస్తకం చదువుతూ ఒకావిడకి దొరికిపోయి సిగ్గుపడ్డాను. అంతే.

సదాశివరావు గారూ అంతే. పగలంతా ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, ఒంటి గదికి వెళ్లి, అన్నం వండుకుని తిని, లాంతరు దళంతో కాసేపు వాన నీళ్లలో తిరిగేవారు. ఆ మాట చెప్పుకోలేక ఒక మేనల్లుణ్ణి కల్పించుకున్నారు. కమల సూత్రం తప్పు. అబద్ధం ఉన్నచోటల్లా దొంగ ఉండడు. కొన్నిచోట్ల సిగ్గుపడే మనిషి ఉంటాడు. ఆ మనిషిని నేను పదిమందిలో నిలబెట్టి, ఆ కథ చెప్పుకుని ఇరవై రెండేళ్లుగా టీ తాగుతున్నాను. ఫరీదాబాద్ స్టేషన్ ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఆఖరి స్టేషన్లో దిగి వెనక్కి వచ్చాను. పుస్తకం సగంలోనే మూసేశాను. ఆయన చదవలేకపోయిన పుస్తకాన్ని ఆయనకన్నా ముందు నేను పూర్తి చేయడం నాకు నచ్చలేదు.

పద్మనాభం గారికి నిజం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“చూడమ్మా, నేను అబద్ధం చెప్పమనను. కానీ ఇది బోర్డులో ఎత్తకు. నిర్దోషి మీద నింద వేశానని చెప్పుకునే అభ్యర్థిని ఎవరు తీసుకుంటారు? ఇది నీకు ఆఖరుది. కుక్క పేరు చెప్పు, లాంతరు గురించి చెప్పు, వచ్చెయ్.”

“సరే సార్” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆరేళ్ల కష్టాన్ని చేతులారా నీళ్లపాలు చేసుకునే గొప్ప మనసు నాకు లేదు.

ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ. సరోజినీ నగర్‌లో కొన్న నీలం అంచు చీర కట్టుకుని, షాజహాన్ రోడ్డులో యూపీఎస్సీ పెద్ద గుమ్మం దాటాను. బోర్డులో ఐదుగురు. ఊరి గురించి, చదివిన చదువు గురించి అయ్యాక, చివర్న కూర్చున్న ఒక మేడమ్ ఫారం తిరగేసి నవ్వింది. కుక్క గురించి అడిగింది. చెప్పాను. లాంతరు గురించి అడిగింది. చెప్పాను. అందరూ నవ్వారు. గది వెచ్చబడింది. అంతా అనుకున్నట్టే నడుస్తోంది.

“మరి ఇన్ని చదివారు కదా, చిన్నప్పుడు మీరెప్పుడైనా దొంగని పట్టుకున్నారా?” అంది మేడమ్.

లేదు మేడమ్ అంటే అయిపోయేది. అలవాటైన నోరు కదా, కథ ఎత్తుకుంది. షాపు, ఎర్ర పెన్ను, పోస్టాఫీసు గుమస్తా, మేనల్లుడు. చైర్మన్ గారు ముందుకు వంగారు. వింటున్న మొహాలన్నీ పద్మనాభం గారి మొహంలాగే వెలిగాయి. ఇంకో రెండు వాక్యాలు చెబితే చాలు, గది నాది.

“అంటే ఆ గుమస్తాయే దొంగన్నమాట” అన్నారు చైర్మన్ గారు.

బల్ల మీద పదిహేడో నంబరు పెట్టి, వంగి చెప్పులు తొడుక్కుంటున్న మనిషి కనిపించాడు నాకు.

“కాదు సార్. రాసింది నేనే. దొరికిపోతానని ఆయన మీదికి తోశాను.”

ఎవరూ నవ్వలేదు. మేడమ్ కలం మూత పెట్టింది.

“ఆయనకి ఈ సంగతి చెప్పారా?”

“లేదు మేడమ్.”

“ఎన్నేళ్లయింది?”

“ఇరవై రెండు.”

ఆవిడ ఇంకేమీ అడగలేదు. పక్కాయన గోదావరి వరదల గురించి అడిగారు. నేనేం చెప్పానో నాకు గుర్తు లేదు. ఫలితాలు ఇంకా రాలేదు. వస్తే ఏమవుతుందో నేను ఊహించుకోగలను.

బయటికొచ్చి, రోడ్డు పక్క వేపచెట్టు కింద నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. ఎలా జరిగిందమ్మా అని అడిగే లోపలే చెప్పేశాను.

“నాన్నా, పుస్తకాల్లో పేర్లు రాసింది నేను. సదాశివరావు గారు కాదు.”

అవతల జిరాక్స్ మిషను చప్పుడు ఆగింది.

“తెలుసమ్మా.”

“తెలుసా?”

“అతుకులు వేసింది నేనే కదే. నీ చేతిరాత నాకు తెలీదా? ఆయనొచ్చి వెళ్లిన రోజు సాయంత్రమే కూర్చుని చూసుకున్నాను. చూసి, సదాశివరావు గారింటికెళ్లి చేతులు పట్టుకున్నాను. నిన్ను తీసుకొచ్చి క్షమాపణ చెప్పిస్తానన్నాను. వద్దన్నారు. ‘తొమ్మిదేళ్ల పిల్లండీ, పుస్తకాలంటే ప్రాణం. తిడితే చదవడం మానేస్తుంది, వదిలెయ్యండి’ అన్నారు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. షాపుకి రమ్మని ఎంత బతిమాలినా మాత్రం రాలేదు. పుస్తకాలు ఇంటికి పంపిస్తానన్నా వద్దన్నారు. జనం నవ్వారు కదా, ఆయనకి మనసు విరిగిపోయిందమ్మా.”

చీర కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను. నేను చదవడం మానేస్తానని ఆయన భయపడ్డారు. నా వల్ల ఆయనే మానేశారు.

నాన్న ఆయన నంబరు పంపించాడు. రెండుసార్లు తప్పు నొక్కాను. నాలుగు రింగులయ్యాక ఎత్తారు.

“ఎవరండీ?” గొంతు ముసలిదైంది గానీ, ఆ మెత్తదనం అలాగే ఉంది.

“అంకుల్, నేను శ్రీవల్లిని. రామమోహనరావు గారి అమ్మాయిని. ఢిల్లీ నుంచి.” తర్వాత ఏమేం చెప్పానో వరసగా రాయలేను. షాపు, ఎర్ర పెన్ను, మేనల్లుడు, క్షమించండి, క్షమించండి. మధ్యలో వెక్కిళ్లు. రోడ్డు మీద వెళ్లే ఆటో భయ్యా ఒకతను ఆపి, దీదీ, ఠీక్ హో? అని అడిగి వెళ్లాడు.

ఆయన అంతా విన్నారు.

“చదువుతున్నావా అమ్మాయ్ ఇంకా?” అన్నారు ఆయన.

“చదువుతున్నాను అంకుల్. ఈ మధ్యనే మళ్లీ మొదలుపెట్టాను.”

“మంచిది.” గొంతు తగ్గించి, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగారు. “ఆ గేటు గుడిసెలో గంట... పదిహేడోది... అది దొరుకుతుందంటావా ఎక్కడైనా?”

“నా సంచీలోనే ఉందండీ. ఇప్పుడే పోస్టు చేస్తాను. మొదటి పేజీలో నాన్న వేసిన అతుకు ఉంటుంది, దాన్ని మాత్రం...”

“పీకనులే” అన్నారు సదాశివరావు గారు. “నువ్వు కూడా దొంగెవరో చెప్పకు.”